ఒక్క ఇల్లు తూర్పుకి

నేను యాభై ఏడో ఏట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. నేను ఒక పేరా రాసే లోపు మీరైతే అన్నం వండుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేసుకుంటారు. తప్పులుంటే సర్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను. స్థిరాస్తి రంగంలో నేను పెట్టుబడిదారుగా ఎలా ఎదిగానో, ఎదిగి ఎంత దూరం వెళ్ళానో ఇందులో ఉంది. వెళ్ళింది ఒక్క ఇల్లు దూరమే, కానీ దారి పెద్దది.

మాది కోనసీమలో కాలవ ఒడ్డు ఊరు. రేవు వీధికి ఒక పక్క కాలవ, ఇంకో పక్క పడమటి నుంచి తూర్పుకి వరసగా ఇళ్ళు. మధ్యలో ఉన్న పెంకుటిల్లు నాది. మా ఆయన కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు చెట్టుకీ ఎక్కి దిగి సంపాదించిన దానితో ఆ ఇల్లు కట్టాడు. ఆయన పోయాక నేను పీచు తాళ్ళు పేనుకుంటూ అందులోనే ఉంటున్నాను. ఆ ఏడు ఎండాకాలం నడిమి దూలానికి చెద పట్టింది. వేలితో నొక్కితే పిండి రాలేది. వానల్లోగా మార్చకపోతే ఇల్లు నిలవదని వడ్రంగి చెప్పాడు. కొత్త దూలానికి అప్పు అడుగుదామని బ్యాంకుకి వెళ్ళాను.

మేనేజరు విశ్వంభరరావు గారు మర్యాదస్తులు. కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, మరమ్మతు అప్పులు ఆపేశామని చెప్పారు.

"మరమ్మతు అంటే ఖర్చమ్మా. ఖర్చుకి అప్పిస్తే దేశం వెనక్కి నడుస్తుంది. పెట్టుబడికి ఇస్తే ముందుకి నడుస్తుంది. పైనుంచి మాకు వచ్చిన దృక్పథం ఇది," అన్నారు.

దృక్పథంతో పాటు ఒక పథకం కూడా వచ్చిందట. పేరు 'తొలి గడప'. జన్మలో స్థిరాస్తి పెట్టుబడి పెట్టని వాళ్ళని పట్టుకుని పెట్టుబడిదారులుగా మార్చడం దాని పని. అందులో చేరితే అప్పు దానంతట అదే నడిచి వస్తుందన్నారు. నాకు ఇల్లు ఉందండీ అన్నాను. ఆయన జాలిగా చూశారు.

"ఉంది. కానీ అందులో మీరే ఉంటున్నారు. యజమాని ఉంటున్న ఇల్లు నిద్రపోతున్న ఆస్తి కిందికి వస్తుంది."

ఇల్లు ఉన్నది నిద్రపోవడానికే కదండీ అన్నాను. ఆ మాట ఆయన రాసుకోలేదు.

చేరాలంటే ముందు శిక్షణ. కల్యాణ మండపంలో మూడు పూటలు పెట్టారు. మా వీధి ఆడవాళ్ళం అందరం వెళ్ళాం, మధ్యాహ్నం బిర్యానీ అని ముందే తెలిసింది మరి. పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు ఆ ఎండలో కోటు వేసుకుని, మమ్మల్ని కళ్ళు మూసుకుని అయిదేళ్ళ తర్వాత ఎన్ని ఇళ్ళకి యజమానులమై ఉంటామో ఊహించమన్నాడు. కళ్ళు మూసుకున్న వాళ్ళలో సగం మంది బిర్యానీ వచ్చేదాకా తెరవలేదు. సొంత డబ్బుతో కొనేవాడు వట్టి కొనుగోలుదారు అనీ, పరాయి డబ్బుతో కొనేవాడే పెట్టుబడిదారు అనీ అతను పదే పదే చెప్పించాడు.

మా తూర్పు పక్కింటి అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. ఆవిడ నాకు వదిన వరస.

"పరాయి డబ్బు ఎగ్గొట్టేవాణ్ణి ఏమంటారండీ బాబూ?"

అది రెండో రోజు పాఠంలో వస్తుందన్నాడు. రెండో రోజు అతను రాలేదు, వేరే అతన్ని పంపించారు.

శిక్షణ చివర్లో అసలు నిబంధన చెప్పారు. మొదటి మెట్టు ఎక్కాలంటే పెట్టుబడిదారుకి అద్దె తెచ్చే ఆస్తి ఒకటి ఉండాలి. అంటే నా ఇల్లు నేను అద్దెకివ్వాలి. మరి నేనెక్కడ ఉండాలని అడిగితే, లబ్ధిదారు నివాసం పథకం పరిధిలోకి రాదన్నారు.

అచ్చియ్యమ్మకీ అవసరం ఉంది. వాళ్ళది డాబా ఇల్లే గాని పైకి మెట్లు లేవు. వడియాలు పెట్టాలన్నా నిచ్చెన ఎక్కాలి, అదీ నా దగ్గర అరువు తెచ్చుకుని. మెట్లకి కూడా అప్పు ఇవ్వరట, మెట్లు ఖర్చట. "ఇందులో పెద్ద ఆలోచన ఏముందే పల్లాలూ. నువ్వు మా ఇంట్లో అద్దెకుండు, నేను మీ ఇంట్లో ఉంటాను. గోడ దూకినంత పని," అంది. ఇద్దరం నవ్వుకుంటూ బ్యాంకుకి వెళ్ళి చెప్పాం.

ఫీల్డు ఆఫీసరు హిమబిందు గారని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. మంచి పిల్ల. నిబంధనల పుస్తకం వెతికి, ఇద్దరు ఒకరికొకరు అద్దెకిచ్చుకుంటే అది పరస్పర సర్దుబాటు అవుతుందనీ, మార్కెట్టు అవ్వదనీ చెప్పింది.

"మరి ఎంతమందైతే మార్కెట్టు అవుద్దమ్మా?" అంది అచ్చియ్యమ్మ.

"ఇద్దరికి మించి అని ఉందండి."

ముగ్గురైతే సరిపోయేది. నా పడమటి పక్కింటి టైలరు బాబ్జీ కూడా సరేనన్నాడు. కానీ ముగ్గురు పెట్టుబడిదారులవుతుంటే మిగతా వీధి చూస్తూ ఊరుకుంటుందా? మా వీధిలో ఒకరు చేపలు కొంటే అందరి పొయ్యి మీదా పులుసు ఉడకాల్సిందే. అందరూ పేర్లు ఇచ్చారు. చివరికి తేలింది ఏమిటంటే, ప్రతి ఇంటి వాళ్ళూ ఒక ఇల్లు తూర్పుకి జరగాలి. తూర్పు చివరి గంగరాజు వాళ్ళు చుట్టి వచ్చి పడమటి మొదటి ఇంట్లో దిగాలి. నేను అచ్చియ్యమ్మ డాబాలోకి, బాబ్జీ కుటుంబం నా పెంకుటింట్లోకి. పంతులు గారు వైశాఖంలో మంచి రోజు చూసి, తూర్పుకి జరగడం శుభమన్నారు. గంగరాజు ఒక్కడికే అది పడమర. అతనికి శాంతి చేయించుకోమన్నారు.

ఇల్లు మారినట్టు రుజువుగా పాలు పొంగుతున్న ఫోటో జతచేయాలని బ్యాంకు వాళ్ళు నిబంధన పెట్టారు. ఇక్కడ చిక్కొచ్చింది. భర్త పోయినదాన్ని నేను కొత్త గడపలో పాలు పొంగించకూడదని వీధి పెద్దలు అన్నారు. బాబ్జీ భార్య చేత పొంగించి నేను పక్కన నిలబడితే చాలన్నారు. హిమబిందు గారు పుస్తకం చూసి, పొంగు లబ్ధిదారు చేతి మీదుగానే రావాలి, లేకపోతే దరఖాస్తు చెల్లదన్నారు. పంతులు గారికన్నా బ్యాంకు పెద్దది కాబట్టి పెద్దలు తగ్గారు. మా ఆయన పోయిన పన్నెండేళ్ళ తర్వాత నేను పసుపు రాసిన గిన్నె పొయ్యి మీద పెట్టి పాలు పొంగించాను. ఈ పథకం వల్ల నాకు కలిగిన లాభం ఏదైనా ఉందంటే అది ఆ పొంగు ఒక్కటే.

అచ్చియ్యమ్మ మామగారు సూరయ్య బాబాయి మాత్రం కదలనన్నాడు. తనని నలుగురూ మోసుకెళ్ళే రోజున తప్ప ఆ గడప దాటనని మంచం కోడు పట్టుకున్నాడు. యజమాని కుటుంబ సభ్యుడు అద్దె ఇంట్లో ఉండటానికి వీల్లేదు. హిమబిందు గారు ఒక పూట ఆలోచించి దారి కనిపెట్టింది. ఇంటితో పాటు అద్దెకిచ్చే సామగ్రి అని ఒక గడి ఉందట. అందులో సీలింగు ఫ్యాను ఒకటి, నూతి గిలక ఒకటి, మామగారు ఒకరు అని రాసింది.

బాబాయి ఆ కాయితం చదివించుకుని విని, "నాకు ఏడాదికోసారి నూనె కూడా వేయిస్తారా అమ్మాయ్?" అని అడిగాడు.

అలా వీధంతా పెట్టుబడిదారులమయ్యాం. మొదటి వారం నేను రోజుకొకసారైనా నా ఇంటి గుమ్మంలోకి వెళ్ళి, బాబ్జీ భార్యని చూసి నాలిక కరుచుకునేదాన్ని. గంగరాజు గేదె అసలు ఒప్పుకోలేదు. సాయంత్రమయ్యేసరికి పాత సావిడికే వెళ్ళి నిలబడేది. ఒప్పందం మీరిందని బ్యాంకు వాళ్ళు దాని పేరు రాసుకోబోతే గంగరాజు బతిమాలుకున్నాడు.

అద్దె అందరికీ ఒకటే, అయిదొందలు. నెల మొదట్లో నేను అయిదొందల కాయితం ఒకటి అచ్చియ్యమ్మకి ఇచ్చేదాన్ని. ఆవిడ ఉంటున్న ఇంటి వాళ్ళకి ఆవిడ ఇచ్చేది. అలా ఆ కాయితం తూర్పు చివరి దాకా పోయి, అక్కడి నుంచి పడమటికి వెళ్ళి, చేతులు మారుతూ బాబ్జీ దగ్గరకొచ్చేది. అతను దాన్ని నాకు ఇచ్చేవాడు. పొద్దున్న చద్దన్నం వేళ బయల్దేరిన కాయితం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేది. రసీదులు మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండేవి.

జ్యేష్ఠంలో సమీక్ష జరిగింది. మా అద్దెల్లో వృద్ధి లేదని మేనేజరు గారు బాధపడ్డారు. వృద్ధి లేని ఆస్తి మీద అప్పు ఇవ్వడం కుదరదన్నారు. పెంచితే కట్టేది మేమే కదా అని కొందరు, తీసుకునేదీ మేమే కదా అని కొందరు కాసేపు వాదించుకున్నారు. చివరికి అద్దె వెయ్యి చేశాం. అయితే రెండో కాయితం కావాలి కదా? అచ్చియ్యమ్మ ఒక పుంజుని అమ్మింది. ఆ ఒక్క కోడితో వీధంతటి అద్దెలూ రెట్టింపయ్యాయి. మన ప్రాంతంలో బరిలో దిగిన ఏ కోడీ అంత డబ్బు సృష్టించి ఉండదు.

పై ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. అద్దె రెట్టింపైంది కాబట్టి ఇళ్ళ విలువ రెట్టింపన్నారు. ఆ సంగతి తెలిసి మునిసిపాలిటీ వాళ్ళు పన్ను పెంచారు. పక్క ఊళ్ళ వాళ్ళు బస్సు కట్టించుకుని మమ్మల్ని చూడటానికి వచ్చారు. గుమ్మాల ముందు నిలబడి, ఎవరింట్లో ఎవరున్నారో రాసుకుని, సగం దూరం వెళ్ళాక గందరగోళపడి మళ్ళీ వెనక్కి వచ్చి అడిగేవారు.

ఈ లోపు నైరుతి వానలు మొదలయ్యాయి.

నేను డాబాలో పొడిగా కూర్చుని, మధ్యలో ఉన్న పిట్టగోడ మీదుగా నా ఇంటి పెంకుల్లోంచి నీళ్ళు కారడం చూస్తూ ఉండేదాన్ని. నా ఇల్లు తడుస్తుంటే పరాయి కప్పు కింద కూర్చోవడం ఎలా ఉంటుందో శిక్షణలో చెప్పలేదు. బాబ్జీ వచ్చి, "పిన్నీ, దూలం టిక్కుటిక్కుమంటోంది. పిల్లల్ని అరుగు మీద పడుకోబెడుతున్నాం," అన్నాడు. మిషను కూడా అరుగు మీదికే తెచ్చుకున్నాడు.

బ్యాంకుకి పరుగెత్తాను. ఇప్పుడు నేను పెట్టుబడిదారుని కదా, దూలానికి అప్పు ఇమ్మన్నాను. మేనేజరు గారు నా కాయితాలు తిరగేసి సంతోషించారు.

"అద్దె రెట్టింపైన ఇంటికి దూలం బాగాలేదంటే, మా నివేదిక తప్పని మీరు అన్నట్టవుతుంది పల్లాలమ్మగారూ."

మరి అప్పు దేనికి ఇస్తారండీ అంటే, రెండో ఆస్తి కొనడానికి అన్నారు. మొదటి ఇంటి దూలం మారుస్తూ కూర్చునేవాడు ఎప్పటికీ మొదటి ఇంటి దగ్గరే ఉండిపోతాడట. అచ్చియ్యమ్మ మెట్ల సంగతి కూడా అడిగాను. ఆ మెట్లు ఇప్పుడు అద్దెదారు అడగాలట. అద్దెదారుని నేనే, అడుగుతున్నానన్నాను. మొదటి ఏడాది అద్దెదారు ఏమీ అడగకూడదట.

అప్పు లేకపోతే పోనీ, దూలం కింద ఒక తాటి గుంజ నిలబెడదామనుకున్నాను. యజమాని అద్దె ఇంట్లో అడుగుపెట్టాలంటే నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలని హిమబిందు గారు చెప్పింది. చెబుతూ నా కళ్ళలోకి చూడలేకపోయింది. బాబ్జీ తనే గుంజ పెడతానన్నాడు. అద్దెదారు కట్టడంలో మార్పు చేస్తే పథకంలో వీధి మొత్తానికి బ్యాంకు వేసే మార్కులు తగ్గుతాయట. రెండో ఆస్తికి అప్పులు వచ్చే వేళ మార్కులు పోగొట్టుకోవడం ఇష్టం లేక, వీధి వాళ్ళు బాబ్జీ చేతిలో గుంజ లాగేసుకున్నారు. పథకం లేనప్పుడైతే వాళ్ళే నలుగురూ చేయివేసి నిలబెట్టి ఉండేవాళ్ళు.

ఇక నాకు ఒకటే దారి. పథకం మానుకుని నా ఇంటికి నేను వెళ్ళిపోవడం. కానీ నేను వెళ్ళాలంటే బాబ్జీ కదలాలి, బాబ్జీ కదలాలంటే అతని ఇంట్లో ఉన్నవాళ్ళు కదలాలి, అలా గంగరాజు దాకా అందరూ ఒకే రోజున వెనక్కి జరగాలి. అరుగుల మీద సమావేశం పెట్టాం. నా గురించి అందరూ అయ్యో అన్నారు. కానీ ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో ఎవరైనా ఇల్లు మారతారా? కొత్త పెళ్ళికూతురే అత్తవారింట ఉండని నెల. మంచి రోజు లేకుండా గడప దాటితే పిల్లాజెల్లా ఉన్నవాళ్ళం అని పెద్దవాళ్ళు భయపడ్డారు. శ్రావణంలో మొదటి శుక్రవారం తప్పకుండా కదులుదామని నాకు మాట ఇచ్చారు. నేనూ సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆషాఢంలో కదలడానికి నాకూ మనసొప్పలేదు. బ్యాంకు నిబంధన ఒకటి, పంచాంగం ఒకటి, రెండూ కలిసి ఒకే తలుపుకి చెరోవైపు గడియ పెట్టాయి.

బోర్డులకి ఆషాఢం పట్టింపు ఉండదు. మా వీధి మొదట్లో 'ఆదర్శ పెట్టుబడి వీధి' అని బోర్డు ఆవిష్కరించడానికి పై ఆఫీసు నుంచి పెద్దాయన వచ్చారు. షామియానా వేశారు. అద్దెదారుల తరఫున బాబ్జీ కుటుంబాన్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఇళ్ళ దగ్గర మిగిలింది సూరయ్య బాబాయి ఒక్కడే. సామగ్రి కాబట్టి అతన్ని పిలవలేదు. పొద్దుటి నుంచి తెరిపి లేని వాన. పెద్దాయన మైకు పట్టుకుని, ఈ వీధి ఇళ్ళు ఇవాళ నిలబడి ఉన్నది ఇటుకల మీద కాదు, నమ్మకం మీద అన్నారు.

అప్పుడే ఆ చప్పుడు వినిపించింది. ముందు ఒక కొమ్మ విరిగినట్టు, తర్వాత పెంకులన్నీ ఒకదాని మీద ఒకటి జారుతున్నట్టు చాలాసేపు. అందరూ అటు తిరిగారు. మా వరసలో ఒక చోట ఆకాశం కనిపించింది.

పెద్దాయన ప్రసంగం ఆపలేదు. చప్పట్లు అనుకున్నారేమో.

నేను ఎలా వెళ్ళానో నాకు తెలియదు. బాబ్జీ భార్య పిల్లలిద్దర్నీ గట్టిగా పట్టుకుని నా వెనకే వచ్చింది. దూలం రెండుగా విరిగి పొయ్యి గది మీద పడింది. మా ఆయన బతికున్నప్పుడు ఎండ కన్నెరగని నేల వానలో తడుస్తోంది. సూరయ్య బాబాయి పిట్టగోడ అవతల గొడుగేసుకుని నిలబడి, ఎవరూ లేరు గదే, ఎవరూ లేరు గదే అని అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు మేనేజరు గారే స్వయంగా వచ్చారు. నాకు ధైర్యం చెబుతారనుకున్నాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, చెయ్యి చాపి, అభినందనలు అన్నారు.

"మీకు ఇప్పుడు ఉన్నది ఖాళీ స్థలం. పాత కట్టడం దానంతట అదే తొలగింది. నిర్మాణ రుణానికి మీ అంత అర్హులు ఈ మండలంలో ఇంకెవరూ లేరు."

చెద పట్టిన దూలానికి రాని అప్పు, ఇల్లు పోయాక ఇల్లంతటికీ వచ్చింది. కాయితాలు కూడా తెచ్చారు. వేలిముద్ర వేసే రోజులైతే అక్కడే అయిపోయేది. సంతకం చేసేదాన్ని కాబట్టి చదవాలి. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నారు. కట్టబోయే ఇంట్లో లబ్ధిదారు నివసించరాదు అన్న చోట ఆగాను.

"ఇల్లు కడితే అందులో ఎవరుంటారండి?"

"అద్దెదారు."

"నేనో?"

"మీరు పెట్టుబడిదారు."

"పెట్టుబడిదారు ఎక్కడుంటారండి?"

"ఎక్కడైనా ఉండొచ్చమ్మా. అందులో తప్ప."

కాయితాలు మడిచి ఆయన చేతికే ఇచ్చాను. పోనీ ఈ స్థలంలో నాలుగు తాటాకులు కప్పుకుని ఉంటే మీ పథకానికి అడ్డమా అని అడిగాను. ఆయన నవ్వారు. తాటాకు పాక శాశ్వత కట్టడం కాదనీ, దానికి విలువ లేదనీ, అద్దె రాదనీ, తనఖాకి పనికిరాదనీ చెప్పారు. ఏ లెక్కన చూసినా అది ఆస్తే కాదు కాబట్టి అందులో ఎవరున్నా బ్యాంకుకి పట్టదన్నారు.

"ఆ ముక్క రాసివ్వండి," అన్నాను.

నా మీద జాలిపడే రాసిచ్చారు. ముద్ర కూడా వేశారు.

పంతులు గారిని అడిగితే ఆయనదీ అదే మాట. పాకకి ముహూర్తం అక్కర్లేదు, ఆషాఢమైనా అడ్డు లేదు, ఎందుకంటే అది ఇల్లు కాదు. బ్యాంకూ పంచాంగమూ ఒక్క మాట మీద నిలబడటం నా జీవితంలో అప్పుడే చూశాను. బాబ్జీ, గంగరాజు, ఇంకో ఇద్దరు వచ్చి, విరగని వాసాలు ఏరి రెండు రోజుల్లో పాక వేశారు. ఎవరి మార్కులూ తగ్గలేదు. హిమబిందు గారు సెలవు రోజున వచ్చి ఆకులు అందించింది. ఆ పిల్ల పుస్తకం తేలేదు.

వీధి మళ్ళీ వెనక్కి జరిగిందా అని అడుగుతారు. జరగలేదు. నేను ఖాళీ చేసిన అచ్చియ్యమ్మ డాబాలో బాబ్జీ దిగాడు. చుట్టు తెగిపోతుందని భయపడ్డారు గాని, నన్ను వదిలేసి చక్కగా మూసుకుంది. శ్రావణం వచ్చింది, వెళ్ళింది. అద్దె పదిహేనొందలైంది. ఇప్పుడు ఎవరింటి గోడకి బీట వచ్చినా ఎవరూ సున్నం రాయరు. ఇల్లు ఉంటున్నవాళ్ళది కాదు, ఇల్లు గలవాళ్ళు అందులో లేరు. అచ్చియ్యమ్మ మాత్రం పొద్దుగూకే వేళ వచ్చి నా పాకలో చాప వేసుకుని కూర్చుంటుంది. మొన్న పైకి చూస్తూ, "ఒక్క ఆకు కారినా చెప్పవే, నేనే మారుస్తాను. ఎవర్నీ అడగక్కర్లేదు గదా," అంది.

పేరు కుడుపూడి పల్లాలమ్మ. వయసు అరవై ఆరు. ఉంటున్నది రేవు వీధిలో, బాబ్జీ ఉండని బాబ్జీ ఇంటికీ, అచ్చియ్యమ్మ ఉండని అచ్చియ్యమ్మ ఇంటికీ మధ్య, ఆస్తి కాని చోట. డోరు నంబరు మునిసిపాలిటీ వాళ్ళు తీసేశారు. వీధిలోకి వచ్చి పేరు పెట్టి పిలవండి. నేను ఇంట్లోనే ఉంటాను.